వెంట్రుక కనబడితే నేరం, కత్తి కనబడితే కాదు: సాయెకి తోషియో బొమ్మల వెనక ఉన్న జపాన్

తతామి చాపలు పరిచిన గది. ఒళ్లు మరిచిన ఒక జంట. కాగితపు తలుపు సందులోంచి ఒక దయ్యం వాళ్లనే చూస్తూ ఉంటుంది. దాని ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు. గీత ఎక్కడా వణకదు. ఎర్ర దుప్పటి, లేత పచ్చ గోడ, నల్లటి జుట్టు, ఏ రంగు హద్దులో ఆ రంగు నిలబడి ఉంటుంది. ఇలాంటి బొమ్మలు ఇన్‌స్టాగ్రామ్‌లో ఎదురైనప్పుడు చాలామంది వీటిని రెండు మూడు వందల ఏళ్ల నాటి పాత జపాన్ చిత్రాలనుకుంటారు. మాంగా, అంటే జపాన్ కామిక్స్, అనుకునేవాళ్లూ ఉన్నారు. కొందరు బూతు అని దాటేస్తారు, కొందరు గొప్ప కళ అని దాచుకుంటారు.

ఇవి ప్రాచీనమైనవి కావు. 1970 నుంచి టోక్యోలో అచ్చయిన వారపత్రికల కోసం, పుస్తకాల కోసం సాయెకి తోషియో అనే చిత్రకారుడు వేసినవి. ఆయన్ని ఒంటరి మేధావిగా చూసినా, మనసు చెడిన మనిషిగా చూసినా ఈ బొమ్మలు అర్థం కావు. ఆయన చేతి వెనక మూడు శక్తులు పనిచేశాయి: ఓడిపోయిన దేశంలో పుట్టిన పత్రికల బజారు, 1907 నాటి ఒక శిక్షా సెక్షన్, ఆఫ్‌సెట్ అచ్చు యంత్రం. ఈ మూడింటినీ విడివిడిగా చూస్తే బొమ్మ ఎందుకలా ఉందో తెలుస్తుంది. అది మంచిదా చెడ్డదా అన్న చర్చ ఆ తర్వాతే చెయ్యగలం.

ఒసాకా కుర్రాడు టోక్యో పత్రికలోకి ఎలా వచ్చాడు

జపాన్ వాళ్లూ మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. సాయెకి ఇంటిపేరు, తోషియో పేరు. పుట్టింది 1945లో, దక్షిణాన క్యూషూ దీవిలోని మియజాకిలో. నాలుగేళ్ల వయసులో ఒసాకా చేరాడు. ఆ నగరాన్ని 1945లో అమెరికా విమానాలు బాంబులతో తగలబెట్టాయి. ఆయన పెరిగినదంతా దాన్ని మళ్లీ కట్టుకుంటున్న కాలం.

ఆ తరం జపాన్ పిల్లలకి టీవీ రాకముందు వినోదం అంటే కమిషిబాయ్. సైకిల్ వెనక చిన్న చెక్క చట్రం కట్టుకుని ఒకాయన వీధిలోకి వస్తాడు. పిల్లలు ఆయన దగ్గర మిఠాయి కొనాలి. చట్రంలో అట్టబొమ్మలు ఒక్కొక్కటే మారుస్తూ ఆయన కథ చెబుతాడు. వాటిలో దయ్యాల కథలకి గిరాకీ ఎక్కువ. అద్దెకి మాంగా పుస్తకాలిచ్చే దుకాణాలూ ఉండేవి. బొమ్మ అంటే గోడకి తగిలించి దూరం నుంచి చూసేది కాదు, చేతికి దగ్గరగా పట్టుకుని, కాస్త భయపడుతూ చూసేది. సాయెకి తరం కంటికి ఈ అలవాటు చిన్నప్పుడే పట్టింది.

పెద్దయ్యాక ఒసాకాలోనే ప్రకటనలు డిజైన్ చేసే చోట పనికి కుదిరాడు. ఫ్రాన్స్‌కి చెందిన టోమి ఉంగెరర్ గీసిన బొమ్మలు తనని కదిలించాయని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. పిల్లల పుస్తకాలకీ, కామాన్ని వెక్కిరించే పెద్దల బొమ్మలకీ ఒకే పదునైన గీత వాడిన చిత్రకారుడు ఉంగెరర్. ఉద్యోగం వదిలి 1969లో, 24 ఏళ్ల వయసులో సాయెకి టోక్యో వెళ్లాడు. ఆ మరుసటి ఏడే హెయిబోన్ పంచ్ అనే వారపత్రికలో ఆయన బొమ్మలు వచ్చాయి. అదే ఏడాది మొదటి బొమ్మల సంపుటం కూడా వచ్చింది. 1972లో జాన్ లెనన్, యోకో ఓనోలు తెచ్చిన ఒక పాటల రికార్డులో ఆయన బొమ్మ వాడారు. నింజా కథలతో జనాన్ని ఊపేసిన నవలాకారుడు యమదా ఫుతారో పాకెట్ పుస్తకాలకి ఆయనే అట్టలు వేశాడు. జపాన్‌లో ఒక తరం పాఠకులకి సాయెకి పరిచయమయింది ఎక్కువగా ఆ అట్టల మీదే. తర్వాతి కాలంలో టోక్యో వదిలి చిబా కొండల్లో ఉండిపోయాడు. 2019 నవంబరు 21న, 74 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఆయన జీవితంలో కేసులు, ప్రేమకథలు, పతనాలు వెతికేవాళ్లకి పెద్దగా ఏమీ దొరకదు. అసలు కథ ఆయన పని చేసిన కాగితం మీద ఉంది.

ఆకలి రోజుల చవక కాగితం: పెద్దల పత్రికలు పుట్టిన తీరు

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయాక 1952 దాకా దేశం అమెరికా నాయకత్వంలోని సేనల ఆధీనంలో ఉంది. యుద్ధకాలపు జపాన్ ప్రభుత్వం పెట్టిన సెన్సారు పోయింది, ఆక్రమణ సేనల సెన్సారు వచ్చింది. ఈ కొత్త సెన్సారు కన్ను తమ మీద వచ్చే విమర్శ మీదా, హిరోషిమా సంగతుల మీదా ఉండేది. శృంగారం మీద దానికి అంత పట్టింపు లేదు. కాగితానికి కరువు, తిండికి కరువు, కానీ చదవడానికి జనం ఎగబడ్డారు. నాసిరకం కాగితం మీద వందలాది పత్రికలు పుట్టుకొచ్చాయి. సాకే అనే బియ్యపు మద్యం మడ్డి నుంచి తీసే కసుతొరి అనే చవక సారా పేరుతో వీటిని కసుతొరి పత్రికలు అన్నారు. చాలావాటి ఆయుష్షు మూడు సంచికలే.

వాటిలో ముందు చెప్పాల్సింది 1946 అక్టోబరులో వచ్చిన ర్యోకి. దాని రెండో సంచికని అశ్లీలత కింద పట్టుకున్నారు. యుద్ధం తర్వాత పత్రిక మీద పడ్డ తొలి అశ్లీలత కేసు అదే. స్వేచ్ఛ, కేసు రెండూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

ఆ గుంపులోంచి మిగిలి, చాలాకాలం బతికిన పత్రిక కితాన్ క్లబ్. 1947లో ఒసాకా ప్రాంతంలో మామూలు కసుతొరి పత్రికగా మొదలై, 1950ల తొలినాళ్లలో తాడు, బంధనం, శిక్ష వంటి కోరికల వైపు తిరిగింది. 1975 దాకా నడిచింది. దాని బలం పాఠకులే. ఉత్తరాలు, సొంత కథలు, బొమ్మలు వాళ్లే పంపేవారు. బయట ఎవరికీ చెప్పుకోలేని సంగతులు మారుపేర్లతో అక్కడ చెప్పుకునేవారు.

ఆ పత్రికలో తొలిరోజుల్లో మెరిసిన పేరు కితా రెయికో. పేరు చూస్తే ఆడమనిషి. గీసింది మినోమురా కో అనే పేరుతో కూడా పనిచేసిన మగవాడు, 1920లో పుట్టినవాడు. ఒకే మనిషి ఒక పేరుతో బొమ్మ వేస్తాడు, ఇంకో పేరుతో వ్యాసం రాస్తాడు. రచయితలు ఎందరో ఉన్నట్టు పత్రిక నిండుగా కనిపిస్తుంది, అసలు మనిషి మరుగున ఉంటాడు. బంధనాన్ని గీయడానికి అంకితమైన పాతతరం చిత్రకారుడు ఇతో సెయ్‌యు 1882లో పుట్టి 1961 దాకా బతికే ఉన్నాడు కాబట్టి, యుద్ధానికి ముందరి జపాన్‌తో ఈ లోకానికి తెగని లింకు ఉంది. తర్వాత 1947లో ఒసాకాలో పుట్టిన హరుకావా నమియో వచ్చాడు. పాఠకుడిగా బొమ్మలు పంపి, కితాన్ క్లబ్ ద్వారానే చిత్రకారుడయ్యాడు. ఆయన బొమ్మల్లో ఆడవాళ్లు కొండంత ఉంటారు, మగవాళ్లు వాళ్ల కింద నలిగిపోతుంటారు. ఆయనదీ మారుపేరే.

సాయెకి నడిచిన దారి వేరు. ఆయన మొదట కనబడింది చాటుమాటుగా కొనే పత్రికలో కాదు. హెయిబోన్ పంచ్ 1964లో మొదలైంది. కార్లు, బట్టలు, పాటలు, అమ్మాయిల ఫొటోలు కలిపి కుర్రాళ్ల కోసం తెచ్చిన వారపత్రిక అది. రెండేళ్లలో దాని అమ్మకాలు పది లక్షలకి చేరాయి. రైల్వే స్టేషన్ బంకులో వేలాడే పత్రిక అది. నిన్నటిదాకా మారుపేర్ల చాటున ఉన్న లోకం 1970లో బహిరంగ బజారులోకి వచ్చింది. సాయెకి నిలబడింది ఆ గుమ్మంలో.

175వ సెక్షన్: ఎవరూ నిర్వచించని గీత

జపాన్ శిక్షాస్మృతి 1907 నాటిది. అందులో 175వ సెక్షన్ అశ్లీలమైన రాతలు, బొమ్మలు పంచడం, అమ్మడం, బహిరంగంగా ప్రదర్శించడం నేరమంటుంది. అశ్లీలం అంటే ఏమిటో మాత్రం చెప్పదు.

1947లో అమలైన కొత్త రాజ్యాంగం 21వ అధికరణంలో సెన్సారు ఉండకూడదని రాసింది. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నప్పుడు పత్రికాఫీసులో ఏం జరుగుతుంది? అచ్చుకి ముందు చూసి ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని చెప్పే అధికారి లేడు. అచ్చయి బజారుకెళ్లాక వచ్చే పోలీసు ఉన్నాడు. గీత ఎక్కడుందో ఎడిటరే ఊహించుకుని, దానికి నాలుగడుగులు ఇవతలే ఆగిపోవాలి. జపాన్ పెద్దల పత్రికల రూపురేఖలన్నీ ఈ ఊహలోంచే పుట్టాయని నా అభిప్రాయం.

నిర్వచనం చివరికి కోర్టులే ఇచ్చాయి. 1951లో సుప్రీంకోర్టు మూడు లక్షణాలు చెప్పింది. అనవసరంగా కామవాంఛని రెచ్చగొట్టాలి, సగటు మనిషికి సహజంగా ఉండే లైంగికమైన సిగ్గుని గాయపరచాలి, మంచి లైంగిక నైతిక భావాలకి విరుద్ధంగా ఉండాలి. డి.హెచ్. లారెన్స్ రాసిన ఛాటర్లీ దొరసాని నవల అనువాదం మీద వచ్చిన కేసులో 1957లో అదే సుప్రీంకోర్టు ఈ కొలతని ఖాయం చేసింది. ప్రచురణకర్తకి రెండున్నర లక్షల యెన్‌లు, అనువాదకుడు ఇతో సెయ్‌కి లక్ష యెన్‌లు జరిమానా పడింది. కళ అయినంత మాత్రాన అశ్లీలం కాకుండా పోదని ఆ తీర్పు సారం.

మన దేశంలో కూడా ఇదే నవల సుప్రీంకోర్టుకెక్కింది. ముంబైలో పుస్తకాల దుకాణం నడిపే ఒకాయన మీద పెట్టిన కేసులో 1964లో శిక్ష ఖాయమైంది. మన కోర్టు అప్పుడు ఇంగ్లండులో 1868లో పుట్టిన కొలతని పట్టుకుంది. పుస్తకంలో ఆ భాగం చెడిపోయే వీలున్న మనసుల్ని చెడగొడుతుందా అన్నది ఆ కొలత. దాన్ని వదిలి, సమకాలీన సమాజపు ప్రమాణాలతో చూడాలని మన సుప్రీంకోర్టు చెప్పింది 2014లో. జపాన్‌లో ఆ సడలింపు కొంచెం ముందే, మెల్లగా వచ్చింది. ఫ్రెంచి రచయిత సాద్ నవలని అనువదించిన షిబుసావా తత్సుహికో కేసులో 1969లో శిక్ష పడింది గానీ, పుస్తకాన్ని మొత్తంగా చూడాలనీ, కళాత్మకత వల్ల అశ్లీలత పలచబడవచ్చనీ కోర్టు ఒప్పుకుంది. 1980లో ఇంకో తీర్పు ఆ లెక్కని మరింత విడమరిచింది. సాయెకి పత్రికల్లోకి వచ్చింది 1969 తీర్పు వెలువడిన మరుసటి ఏడే.

ఒకే బొమ్మని ఎడిటర్ కళ్లతో చూస్తే

1970ల టోక్యోలో ఒక ఎడిటర్ బల్ల మీదకి ఒక బొమ్మ వచ్చిందనుకుందాం. ఇది నేను కల్పించిన ఉదాహరణ. స్త్రీ పురుషులు కలిసి ఉన్నారు. నడుం కింద భాగం పూర్తిగా కనిపిస్తోంది. మూల ఒక మనిషి కత్తి పట్టుకుని నిలబడ్డాడు. అతని చేతి మీద రక్తం ఉంది.

ఎడిటర్ మొదట చూసేది కత్తిని కాదు, రక్తాన్నీ కాదు. నడుం కింది భాగాన్ని. అప్పటి పోలీసుల లెక్కలో జననేంద్రియాలు కనబడకూడదు, అక్కడి వెంట్రుకలు కూడా కనబడకూడదు. విదేశాల నుంచి వచ్చిన ఫొటో పత్రికల్లో ఆ చోటు మీద నల్లసిరా పులిమేవారు. వెంట్రుకల మీద ఈ పట్టు సడలింది 1991లో, ఒక ప్రముఖ నటి నగ్న ఫొటోల పుస్తకం కేసు లేకుండా బయటికొచ్చాకే. కాబట్టి 1970లలో మన ఎడిటర్ చిత్రకారుడికి చెప్పే మార్పు ఒకటే: దుప్పటి మడతని ఇంకాస్త పైకి లాగు, లేదా ఆ చోటుకి అడ్డంగా ఏదైనా పెట్టు. కత్తి, రక్తం ఉన్నచోటే ఉంటాయి. ఎందుకంటే కోర్టు చెప్పిన మూడు లక్షణాల్లో సిగ్గు ఉంది, వాంఛ ఉంది. క్రూరత్వం అన్న మాట లేదు.

ఇప్పుడు ఈ బొమ్మనే దయ్యం, ముసుగు, నీడ, తాడు ఉన్న బొమ్మగా మార్చి చూడండి. ఏదో ఒకటి అడ్డంగా ఉంటుంది. చూసేవాడి కన్ను శరీరం మీద నుంచి ముఖాల మీదకి, చూపుల మీదకి జరుగుతుంది. సాయెకి బొమ్మల్లో తలుపు సందులోంచి చూసే కళ్లు, ఎక్కడి నుంచో చాచిన చేతులు అన్నేసి ఉండటానికి ఇది ఒక కారణం కావచ్చు.

చట్టం వంచిందా, సంప్రదాయం ఇచ్చిందా

ఇక్కడ విమర్శకులు రెండుగా విడిపోతారు. కామాన్ని సూటిగా చూపడం నిషిద్ధం కాబట్టి ఊహ పక్కదారి పట్టి హింసలోకి, వింతలోకి వెళ్లిందన్నది ఒక వాదం. పైన చెప్పిన ఉదాహరణ దీనికి బలాన్నిస్తుంది.

రెండో వాదం చరిత్రని ముందుకు తెస్తుంది. 175వ సెక్షన్ పుట్టకముందే, 1866-67లో యోషితోషి, యోషిఇకు అనే ఇద్దరు చిత్రకారులు చెరి పద్నాలుగు చొప్పున 28 హత్యాదృశ్యాలు చెక్క అచ్చు మీద వేశారు. షోగున్లు అనే సైనిక పాలకుల ఏలుబడి కూలిపోతున్న రోజులవి, వీధుల్లో రక్తం కొత్త కాదు. 1920లు, 30లలో పత్రికల్లో శృంగారాన్ని, బీభత్సాన్ని, వెర్రిని కలిపి అమ్మే ఒరవడి ఒకటి నడిచింది. ఎడొగావా రంపో డిటెక్టివ్ కథలు దాని శిఖరం. మరోవైపు షుంగా అనే పాత శృంగార చిత్రాల్లో జననేంద్రియాలు ఉన్నదానికన్నా పెద్దవిగా, బాహాటంగా ఉంటాయి. 1722లో షోగున్ ప్రభుత్వం నిషేధించాక కూడా అవి చాటుగా అచ్చవుతూనే ఉన్నాయి. అంటే దాచకుండా చూపే సంప్రదాయమూ ఉంది, రక్తాన్ని అందంగా గీసే సంప్రదాయమూ ఉంది.

నాకు ఈ రెండు వాదాలూ కలిపి చూస్తేనే లెక్క కుదురుతుంది. సంప్రదాయం రెండు గదులిచ్చింది. ఆధునిక చట్టం ఒక గదికి తాళం వేసి, రెండోదాన్ని తెరిచి ఉంచింది. తెరిచి ఉన్న గదిలోకి సాయెకి వెళ్లాడు. అక్కడికి ఎందరో వెళ్లినా ఆయనలా గీసినవాళ్లు తక్కువ. దానికి జవాబు చట్టంలో దొరకదు, అచ్చులో దొరుకుతుంది.

రంగు ముట్టని చిత్రకారుడు

సాయెకి పని పద్ధతిని కాస్త దగ్గరగా చూడాలి. ఆయన తెల్ల కాగితం మీద నల్ల గీతతో బొమ్మ పూర్తి చేసేవాడు. రంగు వేసేవాడు కాదు. దాని మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి, ఏ భాగానికి ఏ రంగు ఎంత శాతం రావాలో సూచించేవాడు. ఆ కాగితాలు ప్రెస్సుకి వెళ్లేవి.

ఫోర్ కలర్ ఆఫ్‌సెట్ తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. అచ్చులో ఉండేవి నాలుగే సిరాలు: సియాన్, మెజెంటా, పసుపు, నలుపు. ఒక్కోదానికి ఒక్కో ప్లేటు. కనిపించే రంగులన్నీ ఈ నాలుగు సిరాల చిన్న చుక్కల కలయికే. చిత్రకారుడు కిమోనో మీద మెజెంటా 100, పసుపు 80 అని రాశాడనుకుందాం, ముదురు ఎరుపు వస్తుంది. గోడ మీద సియాన్ 30, పసుపు 40 అని రాస్తే లేత పచ్చ. చర్మానికి మెజెంటా, పసుపు చెరో పదిహేను లోపు. జుట్టు పూర్తి నలుపు. ఈ అంకెలు నా ఉదాహరణే, పద్ధతి మాత్రం ఆయనదే. రంగులన్నీ ఆయన తలలోనే కలిసేవి. అవి నిజంగా ఎలా పడ్డాయో ప్రూఫ్ కాగితం వచ్చాకే కంటికి కనబడేది.

దీంతో కొన్ని ఫలితాలు వచ్చాయి. కుంచె లేదు కాబట్టి రంగులో ఒరిపిడి లేదు, నీడ లేదు. కిమోనో ఎరుపు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే ఎరుపు. రక్తం కూడా అలాగే, కారినట్టు కాకుండా పరిచినట్టు ఉంటుంది. భయంకరమైన విషయాన్ని ఇంత నిమ్మళంగా, శుభ్రంగా చూపించడమే ఆయన బొమ్మలో అసలు దడ పుట్టించేది. కుంచె ఆవేశపడి ఉంటే మనం ఆ ఆవేశాన్ని చిత్రకారుడికి అంటగట్టి ఊరుకునేవాళ్లం. ఇక్కడ ఆవేశపడిన మనిషెవరూ కనబడరు.

ఈ పద్ధతికి ఆయన వాడుకున్న మాటలు పాత చెక్క అచ్చు కాలం నాటివి. ఉకియో-ఎ అనే ఆ పాత పద్ధతిలో ఒక బొమ్మకి నలుగురు కావాలి. గీసే ఎషి, చెక్కే హొరిషి, అచ్చేసే సురిషి, పెట్టుబడి పెట్టి అమ్మే హన్‌మొతో. ఆ పద్ధతిలో పేరుమోసిన చిత్రకారుడు హొకుసాయ్ కూడా ఎషియే, రంగు అద్దిన చెయ్యి వేరొకరిది. సాయెకి తనని ఎషి అనీ, ప్రెస్సుని సురిషి అనీ అనేవాడు. ప్రకటనల డిజైన్‌లో నేర్చిన పనిని పాత వృత్తికి జోడించి చూసుకున్నాడు. ఆయన బొమ్మలు ప్రాచీనమైనవని జనం పొరబడటం వెనక ఈ శ్రమ విభజన కూడా ఉంది: గీతకి ఒక చెయ్యి, రంగుకి ఒక చెయ్యి.

ఇందులోంచి గ్యాలరీలకి ఒక చిక్కు పుట్టింది. సాయెకి అసలు బొమ్మ ఏది? ఆయన చెయ్యి తగిలింది నలుపు తెలుపు కాగితానికి. జనం ప్రేమించిన రంగుల బొమ్మ ఆయన చేత్తో తాకనిది. పత్రిక కాగితం మీద వచ్చినదీ, మంచి ఆర్ట్ కాగితం మీద తర్వాత వేసినదీ ఒకే అంకెలతో వేసినా ఒకే ఎరుపు కాదు. నూనెరంగుల చిత్రానికి అలవాటుపడిన బజారుకి ఇది ఇబ్బంది. పత్రికల కోసమే గీసిన మనిషికి మాత్రం అచ్చు కాపీయే అసలు బొమ్మ.

1970లో ఇంకో వైపు నుంచి వచ్చిన గొంతు

సాయెకి గురించి పొగుడుతూ రాసేవాళ్లు ఆ కాలాన్ని తిరుగుబాటు కాలం అంటారు. అది నిజమే. 1968-69లో విశ్వవిద్యాలయాలు మూతపడ్డాయి. అమెరికాతో భద్రతా ఒప్పందానికి వ్యతిరేకంగా వీధులు నిండిపోయాయి. తెరయామా షూజి నాటక బృందం, యోకో-ఓ తదనోరి పోస్టర్లు మర్యాదస్తుల జపాన్‌ని గేలి చేశాయి. 1970లో ఒసాకాలో ప్రపంచ ప్రదర్శన పెట్టి ప్రభుత్వం మెరిసే భవిష్యత్తుని చూపిస్తుంటే, అదే ఒసాకాలో పెరిగిన కుర్రాడు తతామి గది చీకట్లో దయ్యాల్ని చూపించాడు. చక్కని తోటలో పూసే పువ్వుల్ని గీయడం ఇతరులకి వదిలేసి, సిగ్గులేని, భయంకరమైన కలలో పూసే పువ్వుల్ని తాను పట్టుకోవాలనుకుంటానని ఆయన తన పని గురించి చెప్పుకున్న మాటల సారాంశం.

అయితే అదే 1970లో టోక్యోలో ఇంకొక తిరుగుబాటు మొదలైంది. తనకా మిత్సు అనే యువతి రాసిన కరపత్రం చేతులు మారింది. మగవాళ్ల లెక్కలో ఆడది అయితే తల్లి, కాకపోతే కామం తీర్చుకునే మరుగుదొడ్డి, మధ్యలో మనిషిగా చోటు లేదని అందులో ఆమె రాసింది. ఆ అక్టోబరులో ఆడవాళ్లు మాత్రమే కలిసి టోక్యో వీధుల్లో ఊరేగారు. వామపక్ష విద్యార్థి ఉద్యమంలోనే తమని వంటకీ పడకకీ వాడుకున్నారన్న కోపం వాళ్లది. ఆ కోపాన్ని పక్కన పెట్టుకుని హెయిబోన్ పంచ్ తిరగేస్తే తిరుగుబాటు అన్న మాట రెండు ముక్కలవుతుంది. ప్రభుత్వం మీద తిరగబడిన బొమ్మలోనే ఆడమనిషి శరీరం కట్టేసి ఉంటుంది.

సాయెకిని సమర్థించేవాళ్లు దీనికి చెప్పే జవాబుని తీసిపారేయలేం. ఆయన బొమ్మల్లో మగవాళ్లూ తలలు పోగొట్టుకుంటారు. ఆడవాళ్లు దయ్యాలై పగ తీర్చుకుంటారు. చూస్తున్న మగవాడి ముఖం చాలాసార్లు అసహ్యంగా, వెర్రిగా ఉంటుంది. చూసేవాడికి సుఖం దొరకకుండా బొమ్మే అడ్డుపడుతుందనీ, కాగితం మీది పీడకల ఎవరినీ గాయపరచదనీ వాళ్లంటారు. ఎదుటివాళ్లు అడిగేది ఇంకోటి. ఒక్క బొమ్మని తీసి చూస్తే ఈ జవాబు సరిపోతుంది, కానీ బంకులో వేలాడే పత్రికంతా కలిపి చూస్తే, లక్షల ఇళ్లలోకి వెళ్లే ఆ మొత్తంలో ఆడదాని బాధ ఎంత మామూలు అలంకారమైపోయింది? కోర్టు 1969లో మొత్తాన్ని చూడమంది. ఈ ప్రశ్న కూడా మొత్తాన్నే చూడమంటుంది. ఈ విషయంలో నాకు రెండోవాళ్ల మాటే బరువుగా తోస్తుంది. గీత అద్భుతమైనదని ఒప్పుకోవడానికి ఆ బరువుని తగ్గించుకోనక్కర్లేదు.

గ్యాలరీ గోడ మీదకి ఎక్కినా తెగని లెక్క

చివరి దశలో సాయెకి పని పత్రికల్లోంచి గ్యాలరీల్లోకి వచ్చింది. టోక్యోలోని నాంజుకా గ్యాలరీ ఆయన్ని కొత్త తరానికి, విదేశాలకి చూపింది. హరుకావా బొమ్మలు పారిస్‌లో ప్రదర్శించారు. గ్యాలరీలోకి వస్తే గొడవ తీరిపోయిందనుకోవడం తొందరపాటు.

షుంగా సంగతే చూడండి. 2013లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం షుంగా ప్రదర్శన పెట్టి ప్రపంచమంతా మాట్లాడుకునేలా చేసింది. జపాన్‌లో పెట్టడానికి పెద్ద మ్యూజియాలు వెనకాడాయి. చివరికి 2015లో టోక్యోలో ఎయ్‌సెయ్ బుంకో అనే చిన్న మ్యూజియం ఒప్పుకుంటే, రెండు లక్షల మందికి పైగా వచ్చి చూశారు. అదే సమయంలో షుంగా బొమ్మలు వేసిన వారపత్రికల్ని పోలీసులు పిలిచి హెచ్చరించారు. ఒక ప్రముఖ వారపత్రిక తన ఎడిటర్‌ని మూడు నెలలు పనికి దూరంగా ఉంచింది. ఒకే బొమ్మ మ్యూజియం గోడ మీద వారసత్వం, పత్రిక పేజీలో అనుమానాస్పదం. బొమ్మ ఎక్కడ ఉందన్నది బొమ్మలో ఏముందన్నంత ముఖ్యం. సాయెకి జీవితమంతా పత్రిక పేజీ వైపే గడిచింది.

175వ సెక్షన్ ఇవాళ్టికీ అమల్లో ఉంది. 2011లో సవరించి కంప్యూటర్ డేటాని కూడా అందులో చేర్చారు. 2014లో రొకుదెనాషికో అనే మారుపేరుతో పనిచేసే చిత్రకారిణిని దీని కిందే అరెస్టు చేశారు. ఆమె తన జననేంద్రియానికి మూస తీసి, దానితో నవ్వు పుట్టించే బొమ్మలు చేసింది. ఆ ఆకారపు త్రీడీ డేటాని తనకి డబ్బు సాయం చేసినవాళ్లకి పంపింది. రంగులేసి అలంకరించిన బొమ్మల విషయంలో ఆమె నిర్దోషి అని కోర్టు చెప్పింది. డేటా పంపినందుకు మాత్రం నాలుగు లక్షల యెన్‌ల జరిమానా వేసింది. 2020 జులైలో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ బొమ్మల్లో రక్తం లేదు, తాడు లేదు, కట్టేసిన మనిషి లేదు. ఒక స్త్రీ తన శరీరాన్ని తానే, తన ఇష్టంతో చూపించింది, అంతే.